నీళ్ళిచ్చిన మనిషి

"మీకు రొట్టె లేదు టీచరమ్మా," అంది అనెష్కా.

ఆమె వెనక బల్లల మీద అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. వాసన వీధి మలుపు దాకా కొడుతోంది. కళ్ళున్న వాళ్ళెవరూ లేవని అనలేరు. అయినా అనెష్కా తొణక్కుండా ఆ మాట అనేసి, ముంజేతికంటిన పిండి దులుపుకుని, యర్మిల భుజం మీదుగా వెనకనున్న మనిషిని చూసింది. "నీకెన్ని తాతా?"

యర్మిల ఖాళీ సంచీ పట్టుకుని అక్కడే నిలబడింది. కదిలితే క్యూ అంతా చూస్తుంది. కదలకపోయినా చూస్తూనే ఉంది.

"అనెష్కా, ఇంట్లో పిల్ల ఉంది."

"పిల్లకి కావాలంటే పిల్లకే ఇస్తాను. వెనకాలే ఉందిగా. మీకు కావాలంటే చౌరస్తాలో మీవాళ్ళ లారీలు బోలెడున్నాయి, వెళ్ళి అడగండి. నీళ్ళు పోసిన చేతిలో ఓ రొట్టె ముక్క పెట్టరా ఏమిటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన తన రొట్టె చంకలో పెట్టుకుంటూ, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అన్నాడు. ఆయన మనవలిద్దరికీ యర్మిలే అక్షరాలు దిద్దించింది. ఆ సంగతి ఆయనకి గుర్తులేక కాదు.

దేశాన్ని ఆక్రమించుకుంటూ రష్యన్ ట్యాంకులు వచ్చిన రోజే లిపొవా ఊరు ఊరంతా ఒక కట్టుబాటు చేసుకుంది. తుపాకీ లేదు, ఫిరంగి లేదు. చేతిలో ఉన్నదల్లా ఇవ్వనని చెప్పడం ఒక్కటే. వచ్చినవాడికి చుక్క నీరు ఇవ్వకూడదు, రొట్టె ముక్క పెట్టకూడదు, దారి చెప్పకూడదు. చేతి పంపుల పిడులు ఊడదీసి దాచేశారు. వీధుల పేర్లున్న పలకలు, ఇళ్ళ నంబర్లు తెల్లారేసరికి మాయమయ్యాయి. ఊరి మొదట్లో దారి చూపే బోర్డులన్నిటి మీదా 'మాస్కో ఇటు' అని రాసి తూర్పుకి బాణం గీశారు. దీనివల్ల సైనికులతో పాటు, కొత్తగా బదిలీ అయి వచ్చిన పోస్ట్‌మాన్ కూడా దారి తప్పాడు. ఊరంతా తిరిగి తిరిగి ఉత్తరాల సంచీ మళ్ళీ పోస్టాఫీసులోనే పడేసి కూర్చున్నాడు. ఆ అరవై ఎనిమిది ఆగస్టులో ఊరికి నవ్వుకోడానికి దొరికింది అదొక్కటే.

అలాంటి ఊళ్ళో పట్టపగలు, చౌరస్తా నడిమధ్యన, యర్మిల నీళ్ళ కూజా పట్టుకెళ్ళి ఒక రష్యన్ సైనికుడికి తాగించింది. వాడి భాషలో వాడితో మాట్లాడింది, నవ్వింది కూడా. ఊరి బళ్ళో రష్యన్ చెప్పేది ఆమే కనక ఎవరికీ వేరే రుజువు అక్కర్లేకపోయింది. చాలనట్టు మర్నాడు హెలికాప్టర్‌లోంచి కరపత్రాలు రాలాయి. లిపొవాలో ఒక ఉపాధ్యాయురాలు తన చేతులతో మా సైనికుడి దాహం తీర్చిందని అందులో మెచ్చుకున్నారు. వాళ్ళు తిట్టినా బాగుండేది.

ఎందుకిచ్చిందో చెప్పాలంటే రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలూ నోరు దాటితే ఒక మనిషి ప్రాణం పోతుంది. అందుకని నోరు మూసుకుని కొట్టు మెట్లు దిగింది.

కూతురు ఇవానా క్యూలోంచి బయటికొచ్చి గోడవారగా నిలబడి ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. రెండు రోజులుగా స్నేహితురాలి ఇంట్లోనే పడుకుంటోంది. తల్లి దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎందుకిచ్చావమ్మా? ఒక్క కారణం చెప్పు. అబద్ధమైనా పర్లేదు, చెప్పు. నేను నమ్ముతాను."

యర్మిల కూతురి మొహంలోకి చూసింది. చెప్పేద్దామనిపించింది. అంతలో చౌరస్తా వైపు నుంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"దాహంగా ఉందన్నాడు," అంది.

ఇవానా తల్లికి వీపు తిప్పి నడిచింది. మళ్ళీ క్యూలోకీ వెళ్ళలేదు.

*

ఊళ్ళో సినిమా హాలు ఒకటే. ప్రొజెక్టర్ నడిపేవాడు హినెక్. బట్టల మిల్లులో ఫిల్ము క్లబ్బుకి కూడా వాడే పెద్ద. మొన్నమొన్నటి దాకా మిల్లు ఆడవాళ్ళ ఆటల పోటీలు, మేడే ఊరేగింపులు తీసేవాడు. ట్యాంకులు వచ్చిన పొద్దున్న నుంచీ అదే కెమెరాతో హాలు మేడ మీది కిటికీ తెరచాటున నిలబడి చౌరస్తానంతా తీస్తున్నాడు. ట్యాంకు ముందు కూర్చున్న ముసలమ్మలు, ఫిరంగి గొట్టం మీద ఎక్కి జెండా కట్టిన మిల్లు కుర్రాళ్ళు, రష్యన్లకి రష్యన్‌లోనే గడ్డి పెడుతున్న బడిపిల్లలు, అన్నీ ఉన్నాయి. మర్నాడు సాయంత్రం రైల్లో భోజనాల బోగీలో పనిచేసే ఒకాయన ఆ ఫిల్ము డబ్బాని వియన్నా చేర్చాలి. అక్కణ్ణించి లోకమంతా చూస్తుంది.

"వచ్చావా, కూర్చో," అన్నాడు హినెక్. ఇద్దరూ ఒక బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. "నీకొకటి చూపించాలి."

గదిలో తాడుకి ఫిల్ము ముక్కలు బట్టల క్లిప్పులతో వేలాడుతున్నాయి. కింద కొసలు గీసుకోకుండా శుభ్రమైన దుప్పటి పరిచాడు. చేతికి తెల్ల గ్లౌజు తొడుక్కుని, ఒక ముక్క తీసి చిన్న అద్దపు పెట్టెలో పెట్టి, పిడి పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు.

నెత్తిన గుండ్రటి ఇనప చట్రంతో ఒక వ్యాను కనిపించింది. రష్యన్లకి వ్యతిరేకంగా నడిచే రహస్య రేడియో ఏ ఇంట్లోంచి మాట్లాడుతోందో వాసన పట్టే బండి అది. ముందు చక్రం దగ్గర కాపలా సైనికుడు. వెనక, బండికీ గోడకీ మధ్య, రొట్టెల ఒల్డ్రిఖ్. అనెష్కా మొగుడు. పెట్రోలు మూత తీసి చిన్న సంచీలోంచి పంచదార పోస్తున్నాడు. తొందరలో సగం నేల మీద ఒలకబోశాడు. సైనికుడు ఏదో చప్పుడు విన్నట్టు తల తిప్పాడు. వెనక వైపు రెండడుగులు వేశాడు. అప్పుడు బొమ్మలోకి యర్మిల వచ్చింది. చేతిలో కూజా. ఏదో పిలిచింది, వాడు ఆగాడు. దగ్గరికొచ్చి గ్లాసు అందించి, ఎడం చెయ్యి వాడి మోచేతి మీద వేసింది. వాడు తాగుతున్నంతసేపూ ఆ చెయ్యి తియ్యలేదు. రెండో గ్లాసు పోసింది. వెనక ఒల్డ్రిఖ్ మూత బిగించి, సంచీ చొక్కాలో దోపుకుని, గోడ వెంట జారుకున్నాడు. ఒక్కసారైనా ఇటు చూడలేదు. వాడికి బండి అడ్డం.

"నువ్వు కాపాడావని ఒల్డ్రిఖ్‌కి తెలీదు కదూ?" అన్నాడు హినెక్.

"తెలీదు. తెలియనక్కర్లేదు."

"ఆ బండి మర్నాడు గుట్ట ఎక్కలేక చచ్చింది. రేడియో ఇంకా మాట్లాడుతోంది. ఊళ్ళో ప్రతి వంటింట్లో రేడియో వింటూ ఏడుస్తున్నారు, మళ్ళీ నిన్ను చూసి ఉమ్మేస్తున్నారు. యర్మిలా, నా ఫిల్ము మొత్తానికి ఇదే తలమానికం. దీన్ని తీసెయ్యమనకు."

"ఒల్డ్రిఖ్ మొహం కనిపిస్తోంది."

"నీ మొహం కూడా కనిపిస్తోంది. నువ్వేం చేశావో కనిపిస్తోంది. లోకానికి తెలియద్దా?"

"లోకానికి తెలిసింది వాళ్ళకి తెలీదనుకున్నావా? వియన్నాలో టీవీ పెట్టుకోడానికి రష్యన్లకి కరెంటు లేదా?"

హినెక్ పిడి వదిలేశాడు. తర్వాత, "వాడున్న పక్క కనపడకుండా చేద్దామంటే, మిగిలేది నువ్వు నీళ్ళివ్వడం ఒక్కటే," అని తనే నవ్వబోయి మానేశాడు. "విను. ఇది నెగటివ్ ఉన్న ఫిల్ము కాదు. కెమెరాలో తిరిగినదే కడిగితే బొమ్మయింది. లోకంలో ఉన్నది ఈ ఒక్కటే. కోసేస్తే నీ తరఫున చెప్పే సాక్షి ఇంకెవరూ ఉండరు. నేను నోటితో చెబితే ఎవడు నమ్ముతాడు? స్నేహితుడు కనక వెనకేసుకొస్తున్నాడంటారు."

"కోసెయ్, హినెక్."

"రేపు సాయంత్రం దాకా టైముంది. ఈ రాత్రికి ఉండనీ," అంటూ ఆ ముక్కని మళ్ళీ తాడుకి తగిలించాడు. వాడికి చేతులు రావడంలేదని ఆమెకి అర్థమైంది. నిజానికి ఆమెకీ మనసు రాలేదు. మెట్లు దిగేముందు ఆగి, వేలాడుతున్న ఆ ముక్కని ఒకసారి చూసుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు సైనికులొచ్చి ఆమెని టౌన్‌హాలుకి తీసుకెళ్ళారు. వీధి పలకలు లేకపోవడంతో వాళ్ళే రెండుసార్లు దారి తప్పారు. "ఎటండీ?" అని ఆమెనే అడిగారు. ఇంకో రోజైతే నవ్వొచ్చేది.

కెప్టెన్ సవేల్యెవ్ మర్యాదస్థుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. టీ, వెన్న రాసిన తెల్ల రొట్టె తెప్పించి ఆమె ముందుకు తోశాడు. యర్మిల ముందురోజు నుంచీ బంగాళాదుంపల మీద ఉంది. అయినా ఆ రొట్టె మీదికి చెయ్యి పోలేదు. తినకపోతే ఎందుకు తినలేదంటాడు. కొరికింది. నమిలి, టీతో బలవంతంగా దించింది.

"పెట్రోలు ట్యాంకులో పంచదార పోశారు," అన్నాడతను. "మీరు మావాడికి నీళ్ళిచ్చిన రోజే. ఆ దగ్గర్లో ఎవరైనా కనిపించారా?"

"లేదు."

"నా కింద ఒక లెఫ్టినెంట్ ఉన్నాడు, అనుమానప్పక్షి. ఆ నీళ్ళ కూజాయే ఎర అంటాడు."

యర్మిల రొట్టె ముక్క ఇంకోటి నోట్లో పెట్టుకుంది, మాట్లాడే పని తప్పుతుందని.

"నేనొప్పుకోలేదు. నిన్న రొట్టెల కొట్టు దగ్గర మిమ్మల్ని ఎలా తరిమారో జీపులోంచి చూశాను. ఎర వేసిన మనిషినైతే ఊరు నెత్తిన పెట్టుకుంటుంది. ఊరు మిమ్మల్ని చీదరించుకుంటోందంటే మీరు దయతోనే ఇచ్చారన్నమాట." కెప్టెన్ తన టీలో చెంచా తిప్పుకున్నాడు. "ఇంకో సంగతి. పంచదార బస్తాలు ఈ ఊళ్ళో ఎవరి దగ్గరుంటాయి? రొట్టెలవాడి దగ్గర. ఆ పొద్దున్న వాడెక్కడున్నాడు?"

"కొట్లోనే ఉన్నాడు. పొయ్యి దగ్గర. నేను కిటికీలోంచి చూశాను."

"నిజంగా?"

"వాడి కోసం అబద్ధమాడడానికి వాడు నాకేమవుతాడు? వాడి పెళ్ళాం నాకు తిండి లేకుండా చేసింది."

కెప్టెన్ చాలాసేపు ఆమెని చూశాడు. తర్వాత తల ఊపాడు. "అదే నేనూ అనుకున్నాను. మీ మాట మీద ఈ రోజుకి వాణ్ణి వదిలేస్తున్నాను. రేపు పొద్దున్న ఆ కొట్టు దగ్గరికి నేనే వస్తాను, జనం వరస చూడాలి. అన్నట్టు, ఎవడో మేడ మీంచి సినిమా తీస్తున్నాడట. కిటికీలో అద్దం తళుక్కుమంటే మావాళ్ళు చూశారు. రేపట్నించి ఇల్లిల్లూ గాలిస్తాం."

బయటికొచ్చాక గోడ పట్టుకుని నిలబడింది. తిన్నదంతా కక్కుకుంది. తనని ఊరు అసహ్యించుకోవడమే ఒల్డ్రిఖ్ మెడ మీద కత్తి పడకుండా ఆపుతోంది. ఊరు తనని క్షమించిన మరుక్షణం ఆ లెఫ్టినెంట్ మాట నిజమవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. తను నూతిలో దిగి నిలబడితేనే గొయ్యి దగ్గరున్నవాడు బతుకుతాడు.

*

హినెక్ గదిలో యర్మిల చెప్పడం పూర్తికాకుండానే తలుపు తెరుచుకుంది. అనెష్కా. చేతుల్లో రొట్టెల పెట్టె. ఫిల్ము డబ్బాని రొట్టెల కింద పెట్టి స్టేషనుకి చేర్చేది ఆమే.

యర్మిలని చూడగానే పెట్టె దబ్బున కింద పెట్టింది. "ఇదిక్కడేం చేస్తోంది? హినెక్, నీకు మతిపోయిందా? పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టు దీన్ని లోపలికి రానిచ్చావా? ఇప్పుడే టౌన్‌హాలు నుంచి వచ్చింది! వాళ్ళ రొట్టె తిని వచ్చింది, ఊరంతా చూశారు!"

"నెమ్మది అనెష్కా, కింద జనం ఉన్నారు."

"ఉండనీ! అందర్నీ పిలుస్తాను!"

ఆమె కిటికీ వైపు నడిచింది. హినెక్ ఆమె రెక్క పట్టుకుని లాగి, అద్దపు పెట్టె ముందు కూలేశాడు. తాడు మీది ముక్క తీసి పెట్టాడు.

"వద్దు హినెక్," అంది యర్మిల.

"ఇంకేం దారి ఉంది? అరిచిందంటే అందరం పోతాం." పిడి తిప్పాడు.

మొదట అనెష్కా విసుగ్గా చూసింది. తర్వాత పెట్టె మీదికి వంగింది. మొగుణ్ణి గుర్తుపట్టింది. "మా ఆయన... నాకు చెప్పనేలేదు," అని గొణిగింది. సైనికుడు తల తిప్పినప్పుడు ఆమె గొంతులోంచి సన్నటి కేక వచ్చింది. ఆ తర్వాత కూజా వచ్చింది, మోచేతి మీద చెయ్యి వచ్చింది. హినెక్ పిడి ఆపాడు. ఆమె అలాగే అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది.

తర్వాత కుర్చీలోంచి జారి, యర్మిల కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "నా నోరు పడిపోనూ," అంది. "నా చేత్తో... నీకు రొట్టె లేదన్నాను. రేపు పొద్దున్న కొట్టు ముందు నిలబడి చెబుతాను. ఊరందరి ముందూ నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వేం పట్టుకోవు. రేపు నాకు రొట్టె లేదనే అంటావు. నిన్నటికంటే గట్టిగా అంటావు." కెప్టెన్ మాటలన్నీ యర్మిల చెప్పింది. "వాడు రేపు జీపులో కూర్చుని చూస్తాడు. నువ్వు నాకొక రొట్టె ఇచ్చావా, ఎల్లుండి ఒల్డ్రిఖ్ ఉండడు."

"నా చేత మళ్ళీ ఆ మాట అనిపించకు. నోరు రాదు."

"రావాలి."

"కనీసం మీ అమ్మాయికైనా చెప్పు. దాని మొహం చూడలేకపోతున్నాను."

"అది పొద్దస్తమానం ట్యాంకుల ముందు నిలబడి, నేను నేర్పిన రష్యన్‌లో వాళ్ళతో పోట్లాడుతోంది. దాని మొహంలో ఏదీ దాగదు. రేపు నన్ను చూసి అది మొహం తిప్పుకోకపోతే ఆ కెప్టెన్‌కి చాలు, మొత్తం అర్థమైపోతుంది." యర్మిల కిటికీ వైపు తిరిగింది. "చెప్పాలని లేదనుకున్నావా?"

కర్ఫ్యూకి ఇంకా కాసేపే ఉంది. యర్మిల చెయ్యి చాపింది. హినెక్ కత్తెర ఇవ్వలేదు. తనే కోశాడు. కోసిన రెండు కొసల్నీ బ్లేడుతో గీకి, జిగురు రాసి, నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. అతుకు ఆరింది. ఇప్పుడా ఫిల్ములో జెండా కట్టిన కుర్రాళ్ళ తర్వాత వెంటనే ట్యాంకు ముందు ముసలమ్మలు వస్తారు. మధ్యలో ఏదో ఉండేదని ఎవరూ కనిపెట్టలేరు.

మిగిలిన ముక్కని యర్మిల గది మూలనున్న పొయ్యిలో వేసింది. అది భగ్గున మండుతుందనుకుంది. మండలేదు. ముడుచుకుంది, బుడగలొచ్చాయి, కళ్ళు మండే వాసన వచ్చింది. అంతా కరిగిపోయేదాకా చూసి పొయ్యి తలుపు వేసింది.

అనెష్కా పెట్టెలోంచి ఒక రొట్టె తీసింది. "ఇక్కడైనా తిను. ఎవరూ చూడరు."

బయటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు కనక యర్మిల అక్కడే నిలబడి తింది. ఆకలికి సిగ్గెక్కడిది. సగం పైగా తినేసింది. అనెష్కా ఏడుస్తూ ఆమె కోటు మీద పడిన రొట్టె నలుసులన్నీ ఒక్కొక్కటీ ఏరింది. జేబు అంచులో ఇరుక్కున్నది కూడా గోటితో తీసి, తన నోట్లో వేసుకుంది.

*

పొద్దున్న క్యూ ఎప్పటికంటే పొడుగ్గా ఉంది. రోడ్డుకవతల జీపు ఆగి ఉంది. కెప్టెన్ తలుపు మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. పక్కన ఒక కుర్ర ఆఫీసరు, బహుశా ఆ లెఫ్టినెంటే, క్యూలో ఒక్కొక్కళ్ళనీ పరికిస్తున్నాడు. డబ్బా రాత్రే రైలెక్కిందని హినెక్ కనుసైగతో చెప్పి, క్యూ చివర్న నిలబడ్డాడు.

ఇవానా యర్మిలకి ఒక్క మనిషి వెనకే ఉంది. తల్లి ముందుందని తెలిసి, మధ్యలో ఇంకొకరుండేలా వెనక్కి జరిగి నిలబడింది.

యర్మిల వంతు వచ్చింది. అనెష్కా తలెత్తింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. నోరు తెరిచింది. మాట రాలేదు. ఇంకోసారి తెరిచింది. ఆమె కుడి చెయ్యి దానంతటదే వెనక బల్ల మీదికి పోయింది, వేళ్ళు ఒక రొట్టె మీద పడ్డాయి. మంచి మనుషుల చేతులతో వచ్చే చిక్కే ఇది, చెప్పిన మాట వినవు. జీపులో లెఫ్టినెంట్ కెప్టెన్ భుజం తట్టి ఇటు చూపించాడు.

యర్మిల గబుక్కున వెనక్కి తిరిగింది. జీపు వైపు చెయ్యి ఊపింది.

"శుభోదయం కామ్రేడ్ కెప్టెన్!" అంది రష్యన్‌లో, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేలా చెప్పే గొంతుతో. "నిన్నటి రొట్టెకి చాలా థాంక్స్! మావాళ్ళు కాల్చే ఈ మట్టిగడ్డల కంటే మీ రొట్టె వెయ్యి రెట్లు నయం. మీరు ఎప్పుడో రావలసింది!"

క్యూలో అర్థంకాని వాళ్ళెవరూ లేరు. సగం మందికి ఆ భాష నేర్పింది ఆమే. ముసలాయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. ఎవరో ఆమె చెంప మీద ఉమ్మేశారు. చూస్తే ఆమె బళ్ళోనే లెక్కలు చెప్పే ఆవిడ. అనెష్కా చెయ్యి రొట్టె మీంచి జారిపోయింది.

"పో!" అని అరిచింది. అరుస్తూ ఏడ్చింది. "పో ఇక్కణ్ణించి! నా కొట్టు మెట్టెక్కకు! చచ్చినా నీకు రొట్టె ఇవ్వను, విన్నావా? చచ్చినా ఇవ్వను!" దూరానికి అది కోపంలాగే వినిపించింది. కెప్టెన్ లెఫ్టినెంట్ వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

యర్మిల చెంప తుడుచుకోలేదు. మెట్లు దిగి పక్కన నిలబడింది. వెనకనున్న ఆవిడ రొట్టె తీసుకుని వెళ్ళిపోయింది. ఇవానా కౌంటరు ముందుకొచ్చింది. అనెష్కా కళ్ళు ఎప్రాన్‌తో ఒత్తుకుని, రెండు రొట్టెలు తీసి ఆ పిల్ల చేతుల్లోకి కుక్కింది. "తీసుకో తల్లీ. ఇంటికి పట్టుకెళ్ళు."

ఇవానా ఒకటి సంచీలో వేసుకుంది. రెండోది జాగ్రత్తగా మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"ఒకటి చాలండీ," అంది. "మా ఇంట్లో నేనొక్కదాన్నే."

తల్లి ముందునుంచే, కోటు కోటుకి తగిలేంత దగ్గరగా నడిచి వెళ్ళిపోయింది. కళ్ళెత్తి చూడలేదు. యర్మిల నోటి దాకా వచ్చిన పేరుని పళ్ళ మధ్య నొక్కిపట్టింది.

అవతల జీపు ఇంజను మోగింది. లెఫ్టినెంట్ ఇంకా ఏదో అనబోతుంటే కెప్టెన్ చేత్తో కొట్టిపారేశాడు. బండి రొట్టెల కొట్టు ముందునుంచి ఆగకుండా సాగిపోయింది. లోపల పొయ్యి దగ్గర ఒల్డ్రిఖ్, ఏం జరిగిందో తెలియక, "ఏమిటే ఆ గొడవ?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"ఏం లేదు," అంది అనెష్కా. "ఆ రష్యన్ టీచరు వచ్చింది."

"దానికి సిగ్గులేదు," అన్నాడు ఒల్డ్రిఖ్, రొట్టెలు లోపలికి తోస్తూ.

కిటికీ తెరిచే ఉంది. యర్మిల ఆ మాట విని, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని, వాడు బతికే ఉన్నాడు కదా అనుకుంటూ, కూతురు వెళ్ళిన వైపు కాకుండా రెండో వైపు నడిచింది.